ఏది రాయి, ఏది జేజి

మా జేజి పోయినప్పుడు ఇంటికొచ్చిన వాళ్లంతా కూర్చునే ముందు అడిగిన మాట ఒకటే, ఫోటో ఏదీ అని. జేజి అంటే మా నాయనను కన్న తల్లి. అడిగినవాళ్లను తప్పు పట్టలేను, ఎందుకంటే జమ్మలమడుగు బజారులో మాది ఫోటో స్టూడియో. నాకు ఊహ తెలిసేసరికే మా నాయన చుట్టుపక్కల పల్లెల్లో ముఖాలన్నీ తీసేసి ఉన్నాడు. పెళ్లిళ్లు, పేరు పెట్టే పండగలు, హాల్ టికెట్ల మీద అంటించే ఫోటోలు, ఆఖరికి కుర్చీలో కూర్చోబెట్టిన శవాలవి కూడా. అట్లాంటి ఇంట్లో కన్నతల్లి ఫోటో లేదంటే ఎవరు నమ్ముతారు? మా అత్త, అంటే నాయన చెల్లెలు, నమ్మలేదు. "వెతుకు పాపా, యాడో ఒక సందులో ఉంటాది" అని నన్ను తోస్తూనే ఉంది. లేదని తెలిసి కూడా నేను బీరువా మీది అట్టపెట్టెలు దించి దుమ్ము దులుపుతూ కూర్చున్నాను. ఆ పని చేస్తున్నంతసేపు ఏడుపు ఆగేది, అందుకని.

అసలు లేనే లేదని కూడా చెప్పలేను. పింఛను కోసం ఆధార్ కార్డు తీయించుకున్నప్పుడు ఒకటి దిగింది. అందరి ఆధార్ ఫోటోల్లాగే ముఖం తెల్లగా ఉబ్బిపోయి, కళ్లు ఎవరో బెదిరించినట్టు పెద్దవై, నోరు సగం తెరుచుకుని ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చున్నతను "అవ్వా, ఈడ చూడు" అన్నాడట, ఈమె చూసేసిందట. మా నాయనకు ఆ కార్డు కనిపించినప్పుడల్లా అన్నం సహించేది కాదు. ఇన్నేళ్లు తాను బతిమాలితే కొంగు కప్పుకున్న మనిషి ముక్కూ మొహం తెలియనివాడు అడిగితే దిగింది కదా అని ఒకసారి అమ్మ దగ్గర బాధపడ్డాడు. "పింఛనీ నువ్విస్తాండావా ఏమి" అంది అమ్మ. ఇప్పుడు పెద్ద దివసానికి, అంటే పెద్దకర్మకు, పటం కావాలి. పటం ముందు విస్తరి వేసి ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించాలి. ఆధార్ ఫోటోనే పెద్దది చేయించమని అత్త చెప్పింది. మా నాయన గోడవైపు తిరిగి పడుకుని "అది మా యమ్మ గాదు" అన్నాడు. జేజి పోయినాక ఆయన నోటి నుంచి వచ్చిన మాటల్లో అదే పొడుగుది.

ఆ భారం నా మీద పడింది. నాయన కంటికి ఆపరేషన్ అయినప్పటి నుంచి షాపు నేనే చూసుకుంటున్నాను. ఇంటర్‌తో చదువు ఆగిపోయినా ఫోటోల పని మాత్రం చేతికి బాగానే అబ్బింది. పోయినవాళ్ల ఆధార్ ఫోటోలకు పట్టుచీరలు కట్టడం, మెడలో గొలుసులు వేయడం, వెనక మేఘాలు పెట్టడం నాకు రోజూ ఉన్న పనే. జేజికీ చేశాను. ఫోన్లో ఇప్పుడు వచ్చిన ఏఐ యాప్‌లో వేస్తే బుగ్గలు నిండి, నున్నగా నవ్వుతూ ఒకామె వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది, బ్యాంకులో పని చేసి రిటైర్ అయిన ఆమె లాగా. నాయనకు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని శానాసేపు చూసి "ఎవరమ్మా ఈమె?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలియక అడిగాడు. నేను తీసేశాను. అప్పుడు ఆయన లేచి, స్టూలు వేసుకుని అటక మీది నుంచి ఒక బిస్కెట్ల డబ్బా దించాడు. దాని నిండా పాత నెగెటివ్‌లు. "దీంట్లో చూడు. శానా ఉండాది మా యమ్మ" అన్నాడు. మూత తీసి చూస్తే అవి బండల రీళ్లు. నాకు అర్థం కాలేదు, అర్థమైనట్టు కూడా అనిపించింది. ఆ రెండూ ఒకేసారి ఎట్లా ఉంటాయో ఇప్పటికీ చెప్పలేను.

బండల రీళ్లంటే ఏమిటో చెప్పాలంటే నా చిన్నప్పటి షాపు చెప్పాలి. ముందు గది స్టూడియో, వెనక గది మా కాపురం, రెంటికీ మధ్య కిటికీ లేని చిన్న చీకటి గది. దాంట్లో ఎర్ర బల్బు, ట్రేలలో మందు నీళ్లు. ఆ నీళ్ల పుల్లటి వాసన ముక్కులో పడకుండా మా ఇంట్లో ఏ వంటా ఉడకలేదు. పొద్దున్నే అమ్మ బొరుగులు నానబెట్టి పిండి ఉగ్గాని పోపు వేస్తుంటే, నాయన పాత పంచె గుడ్డతో కెమెరా తుడిచి, దేవుడికి వెలిగించిన ఊదుబత్తినే దానికీ ఒక చుట్టు చూపించేవాడు. పోపు, ఊదుబత్తి, మందు నీళ్లు, ఈ మూడు వాసనలూ కలిస్తేనే తెల్లారినట్టు నాకు. స్టూడియోలో గోడ నిండా ఒక తెర ఉండేది. పచ్చటి కొండ మీది నుంచి జలపాతం దూకుతుంటే కింద చెరువులో రెండు హంసలు. ప్రొద్దుటూరు నుంచి ఒక పెయింటర్ వచ్చి వేసిపోయాడు. ఎండకు మాడిన పల్లెల నుంచి జనం వచ్చి, పౌడర్ పూసుకుని, ఆ నీళ్ల ముందు నిలబడి దిగి పోయేవాళ్లు. ఒక పెద్దాయన తెర దగ్గరికి వస్తూ పంచె పైకెత్తి పట్టుకున్నాడు. ఎందుకెత్తావని నాయన అడిగితే సిగ్గుపడి వదిలేశాడు. షాపు తలుపు తీస్తే దూరంగా ఎర్రమల కొండలు, గడ్డి మొలవని బోడి బండలు కనిపించేవి. వాటి ముందు నిలబడతామని ఒక్కరు కూడా అడిగిన పాపాన పోలేదు. రోజూ చూసే బండల కోసం ఫోటో షాపుకు ఎవరొస్తారు?

మా జేజి ఉండేది ఆ కొండల కింద పల్లెలో. ఎంత రమ్మన్నా మా దగ్గరికి వచ్చి ఉండలేదు, మేకలుండాయి అనేది. కోడి కూయకముందే లేచి, సజ్జలతో కాల్చిన సద్దరొట్టె, ఉల్లికారం గుడ్డలో మూట కట్టుకుని, బొడ్డులో వక్కాకు తిత్తి దోపుకుని కొండెక్కేది. సంత రోజున మాత్రం బజారుకు వచ్చి మా ఇంటికి వచ్చేది. ముందు వైపు నుంచి కాదు, వెనక సందులోంచి, పెరటి తలుపు తట్టి. ముందు గదిలో కెమెరా ఉంటుంది కాబట్టి. వంటింటి గడప మీద కూర్చుని, నా తలలో పేలు చూస్తూ, "వాని చేతిలో అది ఉండాదా?" అని మెల్లగా అడిగేది. లేదంటేనే లోపలికి వచ్చేది. ఆమె ఒళ్లు మేకల వాసన, వక్కాకు వాసన, ఎండిన చెమట వాసన. ఆ వాసన ఇప్పుడెక్కడా లేదు. నాయన పొరపాటున కెమెరాతో వంటింట్లోకి వస్తే చాలు, కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగేది. తల్లీ కొడుకులు అట్లాగే, ఆమె గోడతో, ఆయన ఆమె వీపుతో ఊరి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లు.

ఎందుకంత భయమో పల్లెలో ఇంట్లో గోడ మీదే ఉంది, మా తాత ఫోటో. తాత చిన్న వయసులోనే పోయాడు. బతికుండగా ఒక్క ఫోటో దిగలేదు. అప్పట్లో పల్లెల్లో మనిషి పోయినాకే ఫోటోలతను వచ్చేవాడు. జమ్మలమడుగు నుంచి అతన్ని పిలిపించి, తాతను చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, తలకు పంచె చుట్టి, కళ్లు తెరిపించారట. శవం పక్కకు ఒరిగిపోతుంటే వెనక దుప్పటి కట్టి, దాని వెనక జేజిని నిలబెట్టి, పడకుండా పట్టుకొమ్మన్నారు. బాగా చూస్తే తాత భుజం మీద దుప్పటి అంచు నుంచి వేళ్లు కనిపిస్తాయి. అవి మా జేజివి. మా నాయన అప్పుడు చిన్నోడు. కెమెరా మీద నల్లగుడ్డ కప్పుకుని ఆ మనిషి మాయమై మళ్లీ బయటికి రావడం నోరు తెరుచుకుని చూశాడట. పెద్దయ్యాక అదే పని పట్టుకున్నాడు. ఒకే రోజు, ఒకే పెట్టె. దాంతో ఆమెకు ప్రాణభయం పట్టుకుంది, కొడుక్కు ప్రాణమైంది. ఎవరిది సరైనదో చిన్నప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఇక బండల సంగతి. పెళ్లి రీలు మొత్తం తీసేశాక చివర్లో రెండో మూడో మిగులుతాయి. వేరే ఫోటోలోళ్లు వాటితో భోజనాల పంక్తో, అరటి చెట్టో తీసేసి రీలు ల్యాబుకు పంపేవాళ్లు. మా నాయన ఆ రెండు మూడూ మిగుల్చుకుని, రీలు కెమెరాలోనే ఉంచి, మబ్బు పట్టే రోజు కోసం కాచుకునేవాడు. మా సీమలో మబ్బు ఎప్పుడు పడుతుంది? అంతవరకు పెళ్లివాళ్లు ఫోటోల కోసం తిరుగుతూనే ఉండాలి. పెళ్లికూతురు అత్తగారింటికి పోయి, ఆషాఢానికి పుట్టింటికొచ్చి కూడా తన పెళ్లి ఫోటోలు చూసుకోని సందర్భాలున్నాయి. తలుపు దగ్గర నిలబడి, ప్రొద్దుటూరు ల్యాబులో మిషన్ చెడిపోయిందని చెప్పడం అమ్మ వంతు. చెప్పి లోపలికి వచ్చి "ఇంగ ఎన్ని తూర్లు చెడిపోతాది ఆ మిషను" అని గిన్నెలు ఎత్తి పడేసేది. గాలి మారిందా, పడమట నల్లగా కనిపించిందా, నాయన షాపు మూసి టీవీఎస్ బండి తీసేవాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకునేవాడు, వాన పడితే కెమెరాకు గొడుగు పట్టాలని. మబ్బుల ఫోటోలకు పోతున్నామని అమ్మకు చెప్పేవాడు. నేనూ అదే నమ్మాను.

పల్లె దాటాక ఎండిపోయిన వాగు ఒకటి ఉంది. దాని మధ్యలో పడుకోవచ్చునంత నున్నటి చట్టుబండ. అక్కడ కూర్చునేవాళ్లం. ఎదురుగా కొండ, అరలు అరలుగా కోసి పేర్చినట్టు ఎర్రబండలు, వాటి సందుల్లో ఎండిన బలుసు పొదలు. పైన అంచు మొత్తం కత్తితో గీసినట్టు సమంగా ఉంటుంది. మామూలు ఎండలో ఆ కొండ చచ్చిపోయినట్టు ఉంటుంది, ఒకటే రంగు, చూడబుద్ధి కాదు. మబ్బు వచ్చిందంటే దానికి ప్రాణం వచ్చేది. ముందు గాలి ఆగిపోతుంది. తర్వాత ఎక్కడి నుంచో చల్లటి గాలి ఒక పొర వచ్చి దుమ్ము లేపుతుంది. నల్లటి నీడ కొండ మీద పాకుతూ వస్తుంటే సగం బండలు నిప్పుల్లాగా, సగం బండలు సీసంలాగా అయిపోతాయి. ఆ నీడ అంచు కదులుతూ ఉంటుంది, ఇప్పుడు ఎర్రగా ఉన్నది ఇంకాసేపటికి ఉండదు. నేను మెరుపుల కోసం చూసేదాన్ని. నాయన మాత్రం మబ్బు వైపు తలెత్తేవాడే కాదు. మబ్బు నిండుగా వచ్చినా నొక్కడు, మెరుపు మెరిసినా నొక్కడు. కొండ అంచు మీదే కన్ను పెట్టి ఉండి ఉండి ఒక్కసారి నొక్కేవాడు. ఎప్పుడు నొక్కుతాడో, ఎందుకు నొక్కుతాడో తెలియక నాకు విసుగొచ్చేది. వాన చినుకులు పడక ముందే ఇంటికి బయల్దేరేవాళ్లం, చాలాసార్లు వాన పడేదే కాదు. మబ్బు మమ్మల్ని చూసి అట్లాగే నంద్యాల వైపు పోయేది.

ఆయన చేసేదేమిటో నాకు తెలిసింది మైదుకూరు పెళ్లి వల్ల. ల్యాబు నుంచి ప్రింట్లు రాగానే బండల ఫోటోలు తీసి పక్కన పెట్టడం నాయన పద్ధతి. ఆసారి ఆయనకు జ్వరం, ఆల్బం అమ్మ అంటించింది. వచ్చినవన్నీ వరసగా అంటించింది. మైదుకూరు వాళ్లు ఆల్బం పట్టుకుని మా షాపు మీదికొచ్చారు. తలంబ్రాలకూ అప్పగింతలకూ మధ్యలో రెండు పేజీల నిండా నల్లమబ్బు కింద బోడిబండలు. పెళ్లికూతురు తల్లి కళ్ల నీళ్లు పెట్టుకుంది, తన బిడ్డ సంసారం ఇట్లా ఉంటుందని అంటించారా అని. నాయన దుప్పటి కప్పుకునే వచ్చి చేతులు జోడించాడు. వాళ్లతో వచ్చిన ఒక ముసలాయన, పెళ్లికూతురు తాత, గొడవలో కలవకుండా ఆ పేజీలే చూస్తున్నాడు. "ఉండనీండి. వాన వస్తాండాది దీంట్లో, మంచిదే" అన్నాడు. తర్వాత వేలు పెట్టి చూపిస్తూ అడిగాడు. "ఈ బండ మీద నిలబడుకోనుండే ఆడమనిషి ఎవరప్పా?"

నేను తొంగి చూశాను. కొండ అంచున, చీమ తల కంటే కొంచెం పెద్దగా, నిలబడిన మనిషి. చేతిలో కట్టె లాంటిది. అది మా జేజి నిలబడే తీరు. మా నాయన ఆల్బం వైపు చూడకుండా "ఎవరో, మేకలామె" అన్నాడు.

అప్పుడు నాకు మొత్తం తెలిసొచ్చింది. ఎండలో జేజి ఏదో ఒక బండ నీడన కూర్చుని ఉంటుంది, వాగులోంచి చూస్తే కనపడదు. గాలి మారినప్పుడే మేకలు బెదిరి చెదిరిపోతాయి. వాటికి కనపడేట్టు అంచు మీది ఎత్తు బండ ఎక్కి నిలబడి పిలుస్తుంది. అవన్నీ వచ్చి చేరేదాకా కదలకుండా నిలబడుతుంది. దగ్గరికి పోతే కొంగు కప్పుకుంటుంది, దూరాన్నుంచి తీయడానికి మాకు పెద్ద లెన్స్ లేదు. అందుకే మబ్బు. ఆ రోజు వాళ్లు పోయాక, అది జేజే కదా అని అడిగితే నాయన నా నోటి మీద చేయి పెట్టాడు. "చెప్పొద్దు పాపా. చెప్తే ఇంగ నిలబడదు." నేను ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. తర్వాత డిజిటల్ కెమెరాలొచ్చాయి, రీళ్లు ఆగిపోయాయి, మిగిలిపోయే ఫోటోలన్న మాటే లేకుండా పోయింది. జేజికి మోకాళ్లు పట్టుకుపోయి కొండెక్కడం మానేసింది. ఆ సంగతి నేను మర్చిపోయాను కూడా.

బిస్కెట్ల డబ్బాలో నెగెటివ్‌లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి చూశాను. చాలావాటికి బూజు పట్టింది. బాగున్నది ఒకటే. సగం కొండ ఎండలో, సగం నీడలో, ఆకాశం ఇనుప రంగు. నాయన నా పక్కన కుర్చీ వేసుకుని తెరకు ముక్కు ఆనించి కూర్చున్నాడు. అంచు మీద నిలువుగా రెండు చుక్కలున్నాయి. ఒకటి ఎండలో, ఒకటి కొంచెం దూరంగా నీడలో. మా వైపు పొలం గట్లకూ దారులకూ నాపరాళ్లు నిలువుగా పాతుతారు కాబట్టి రెండిట్లో ఒకటి రాయి అయ్యుండాలి. నేను ఎండలో ఉన్నదే జేజి అన్నాను, ఆ సన్నదనం ఆమెదే. నాయన నీడలో ఉన్నది అన్నాడు. "మా యమ్మ ఎండలో నిలబడుతుందా, పిచ్చిదానా" అన్నాడు. మేకలు చూడాలంటే ఎండలోనే కదా నిలబడాలని నేనన్నాను. పెద్దది చేద్దామని చేశాను. చేసే కొద్దీ ఇసుక పోసినట్టు చెదిరిపోయింది. దూరంగా ఉంటే ఆమె ఉంది, దగ్గరికి తెచ్చుకుంటే లేదు. మా ఇద్దరి కళ్లూ మండిపోయాయి. అమ్మ వచ్చి చూసి, తనకు రెండూ రాళ్లలాగే కనిపిస్తున్నాయని చెప్పి పోయింది.

పోయి చూస్తే తెలుస్తుంది కదా అనిపించింది నాకు. రాయైతే ఇంకా అక్కడే ఉంటుంది. రాయి ఎక్కడుందో తెలిస్తే రెండోది జేజి. చావు అంటులో ఉండి కొండలు తిరగడమేమిటని అమ్మ కోప్పడింది. నాయన అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. ఈసారి బండి నాది, వెనక కూర్చున్నది ఆయన, ఆ ఫోటో ప్రింటును చొక్కాలో దాచుకుని. మధ్యాహ్నం నుంచే గాలి అటూ ఇటూ మారుతోంది. దారిలో రెండు కార్లు ఆగి ఉన్నాయి. బెంగుళూరు నుంచి వచ్చిన జంట, పెళ్లికి ముందు ఫోటోలు తీసుకుంటున్నారు, అమ్మాయి పొడుగాటి గౌను తోక బండల మీద పరుచుకుని ఉంది. మబ్బు వచ్చేదాకా ఆగుదామని వాళ్ల ఫోటోగ్రాఫర్ చెబుతున్నాడు. నా షాపుకు ఇప్పుడు వచ్చే బేరాలు కూడా అవే, బండలు కావాలి, మబ్బు కావాలి అంటారు. జలపాతం తెర అటక మీద ఎలుకలు కొరుకుతున్నాయి. మా నాయన వాళ్లను వింతగా చూశాడు.

చట్టుబండ అట్లాగే ఉంది. నా కెమెరా ఆయన చేతికిచ్చి నేను కొండెక్కాను. ఫోన్ చెవికి పెట్టుకున్నాను. కింద నుంచి ప్రింటు చూసుకుంటూ "ఇంగా ఎడమకు, ఇంగా, ఆడ ఆగు" అని చెబుతున్నాడు. ఎండ చుక్క ఉన్న చోట ఆగాను, రాయి లేదు. నీడ చుక్క ఉన్న చోటికి పోయాను, అక్కడా లేదు. ఆ రెండిటికీ నడుమ పాత నాపరాయి ఒకటి వెల్లకిలా పడిపోయి ఉంది. అది ఎటు వైపు నుంచి పడిందో, ఎవరైనా జరిపారో ఎట్లా తెలుస్తుంది? నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయనకు ఏం చెప్పాలో తోచక అట్లాగే నిలబడి కిందికి చూశాను.

కింద మా నాయన నేననుకోనంత స్పష్టంగా కనిపించాడు. తెల్లటి చట్టుబండ మీద నల్లటి మనిషి, నున్నటి గుండు, పక్కన నా ఎర్ర బండి, చేతిలో మెరుస్తున్న కెమెరా అద్దం. కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకోవడం కూడా కనిపించింది. వాగులో ఆ బండ తప్ప చూడ్డానికి ఇంకేమీ లేదు. మేకలను వెతికే కన్ను ముందు పడేది అక్కడే. అన్నేళ్లు మేం ఆమెకు తెలియకుండా తీస్తున్నామనుకున్నాం.

"నాయనా" అన్నాను ఫోన్లో, "ఈడ నుంచి నువ్వు బాగా కనపడ్తాండావు."

ఫోన్లో గాలి చప్పుడే వినిపిస్తోంది. నీడ వాగు దాటి కొండెక్కడం మొదలుపెట్టింది, నా కాళ్ల దగ్గరి బండలు ఒకదాని తర్వాత ఒకటి ఎరుపు పోయి నల్లబడ్డాయి. తర్వాత "ఎంత బాగా?" అని అడిగాడు.

"అద్దాలు తుడుచుకుంటాండావు కదా. అది కూడా కనపడ్తాంది."

ఆయన కెమెరా పైకెత్తడం చూశాను. నేను కదలకుండా నిలబడ్డాను. తీశాడో లేదో తెలియలేదు. "దిగిరా పాపా, తడుస్తావు" అన్నాడు చివరికి. ఇంటికి పోయేటప్పుడు వాన నిజంగానే పట్టుకుంది. వెనక నుంచి నా చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కటే అడిగాడు. "అయితే మన దిక్కు చూస్తా నిలబడిందంటావా, అటు తిరిగి నిలబడిందంటావా?" నాకు తెలియదన్నాను. చూస్తూ నిలబడిందని చెబితే సంతోషపడేవాడేమో. చెప్పాలని నోటిదాకా వచ్చింది, కానీ గోడవైపు తిరిగిన ఆమె వీపు నేను కూడా చూసినదాన్నే కదా. తెలిసీ నిలబడిందా, మేకలు రాలేదని నిలబడిందా, కొడుక్కు కావాల్సిందేదో తీసుకోనీలే అని నిలబడిందా?

పెద్ద దివసానికి ఆ ఫోటోనే పెద్దది చేయించి ఫ్రేము కట్టించాను. అత్త చూసి నెత్తి కొట్టుకుంది. "బండలకు దండేసినామని ఊరంతా నవ్వుతాది గదన్నా" అంది. వచ్చినవాళ్లంతా వంగి వంగి చూశారు. నాయన దగ్గర అడిగినవాళ్లు నీడలో చూశారు, నా దగ్గర అడిగినవాళ్లు ఎండలో చూశారు. విస్తరిలో సద్దరొట్టె, ఉల్లికారం, వక్కాకు పెట్టాక పటానికి గంధం బొట్టు పెట్టాలి. గంధం గిన్నె పట్టుకుని అమ్మ పటం ముందు ఆగిపోయింది. బొట్టు ఎక్కడ పెట్టాలి? నేనొక చోట చూపించాను, నాయన ఇంకో చోట చూపించాడు. పురోహితుడు తొందరపెడుతున్నాడు. అమ్మ మా ఇద్దరినీ చూసి, వేలు గంధంలో ముంచి రెండు చోట్లా పెట్టేసింది.

"ఒకటి మా అత్తకు, ఒకటి ఆ రాయికి" అంది. "రాయికి పెడితే తప్పేముండాది? మనం పెట్టనిది ఏ రాయికి?"

పటంలో మా జేజి బొట్టు కంటే చిన్నది. గంధం కింద రెండు చుక్కలూ పోయాయి. దండ వేసిన పటంలో ఇక కొండ, మబ్బు, సగం ఎండ మాత్రమే మిగిలాయి. ఆమె కోరుకున్నట్టే అయింది కదా అనిపించింది నాకు. నాయన మాత్రం మొదటిసారి ఆ విస్తరి ముందు కూర్చుని గట్టిగా ఏడ్చాడు.

ఆ పటం ఇప్పుడు స్టూడియోలో, జలపాతం తెర ఉండిన గోడ మీద ఉంది. ఫోటోలకొచ్చే జంటలు ఇది ఏ లొకేషన్ అని అడుగుతారు. శనివారం శనివారం అమ్మ తడిగుడ్డతో అద్దం తుడిచి, మళ్లీ గంధం తీయడానికి లోపలికి పోతుంది. ఆమె వచ్చేదాకా రెండు చుక్కలూ బయట ఉంటాయి. నాయన అప్పుడు ఎక్కడున్నా వచ్చి నా పక్కన నిలబడతాడు. పోయిన వారం నాకు నీడలో ఉన్నదే జేజి అనిపించింది. నాయన వైపు చూస్తే, ఆయన ఎండలో ఉన్నదాన్ని చూస్తున్నాడు.